ఆర్‌పీఏకి సర్వర్లు ఎన్ని కావాలి? ముందు 10వ తారీఖు రాత్రి పడే పని లెక్క వేయండి

నెల్లూరులో రొయ్యల ఎగుమతి ఆఫీసు కావచ్చు, చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు కావచ్చు, బిల్లుల ఎంట్రీకి ఆర్‌పీఏ, అంటే మనిషి కంప్యూటర్లో చేసే పనిని అలాగే చేసే సాఫ్ట్‌వేర్ రోబోలు, పెట్టిద్దామని వెండర్‌ని పిలిస్తే కూర్చోగానే "ఎన్ని బాట్లు (రోబోలు) కావాలి సార్" అంటాడు. మీరు నంబర్ చెప్పకండి, ఆ నంబర్ చివర్లో తేలాల్సింది.

నెలనెలా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) వేసేవాళ్లకి గడువు 11వ తారీఖు, పన్ను కట్టే రిటర్న్ జీఎస్‌టీఆర్-3బీకి 20. అంటే పని నెలంతా సమంగా రాదు, ఆ తారీఖుల ముందు మీద పడుతుంది. సగటు చూసి మెషిన్ కొంటే మిగతా రోజులు బాగానే నడిచి సరిగ్గా 10వ తారీఖు రాత్రి చేతులెత్తేస్తుంది. చెరువులో ఏరియేటర్లు మిట్టమధ్యాహ్నం ఆక్సిజన్ చూసి పెట్టరు కదా, తెల్లారుజామున ఎంత పడిపోతుందో చూసి పెడతారు.

లెక్క ఇలా వేయండి. 3,000 బిల్లులు, ఒక్కోదానికి రోబోకి 2 నిమిషాలు అనుకుందాం. మొత్తం 100 గంటల పని. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 8 గంటలే దొరుకుతాయి కాబట్టి ఒక్క రాత్రిలో అవ్వాలంటే 13 రోబోలు కావాలి, అదే మూడు రాత్రులు ఇస్తే 5 చాలు. మధ్యలో ఆగిపోయినవి మళ్లీ నడపడానికి ఇంకోటి కలుపుకోండి. సర్వర్ కొటేషన్ తెప్పించే ముందు అకౌంట్స్ వాళ్ల దగ్గరకెళ్లి "బిల్లులు 7వ తారీఖు నుంచే ఇవ్వగలరా" అని అడిగితే సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది, ఎందుకో ఈ మాట ఎవరూ అడగరు.

ఇక మెషిన్లు. మనిషి లేకుండా స్క్రీన్ మీద పనిచేసే ప్రతి రోబోకీ సొంత విండోస్ లాగిన్, సొంత సెషన్ (లాగిన్ అయ్యాక తెరుచుకునే డెస్క్‌టాప్) ఉండాలి. విండోస్ 10, 11లో ఒకసారికి ఒక్క సెషనే నడుస్తుంది. విండోస్ సర్వర్‌లో అడ్మిన్ పనికని ఇచ్చే రెండు రిమోట్ సెషన్లు దాటితే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ పెట్టుకుని దాని లైసెన్సులు విడిగా కొనాలి, కొటేషన్లో ఇది ఉందో లేదో చూడండి. ర్యామ్ ఎంతో ఊహించొద్దు. ఎక్సెల్, క్రోమ్, ట్యాలీ తెరిచి ఒక రోబోని నడిపి, టాస్క్ మేనేజర్‌లో ఎంత తింటోందో చూసి రోబోల సంఖ్యతో గుణించండి, విండోస్‌కి కొంత వదలండి. స్క్రీన్ రిజల్యూషన్ కూడా రోబోని తయారుచేసిన మెషిన్లో ఎంత ఉందో అంతే పెట్టండి, లేకపోతే బటన్ కనపడక రోబో అక్కడే నిలబడిపోతుంది.

రోబోలన్నిటినీ ఒకచోట నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ యూఐపాత్ ఆర్కెస్ట్రేటర్ అయినా, ఆటోమేషన్ ఎనీవేర్ కంట్రోల్ రూమ్ అయినా, సొంత సర్వర్ మీద పెట్టుకుంటే వెనకాల ఒక డేటాబేస్ ఉంటుంది, అసలు టెన్షన్ దాంతోనే. ఉచితం కదా అని ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ పెడితే 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటదు. రోబో ప్రతి అడుగూ లాగ్ (చేసిన పని రికార్డు) రాస్తుంటే అది నిండటం ఎంతసేపు? పాత లాగ్‌లు ఎన్ని రోజులకి తీసేయాలో మొదటి రోజే పెట్టేయండి. డేటాబేస్ బ్యాకప్‌తో పాటు ఎన్‌క్రిప్షన్ కీని కూడా వేరేచోట దాచండి, రోబోల పాస్‌వర్డ్‌లు ఆ కీతోనే తెరుచుకుంటాయి, కీ పోతే బ్యాకప్ చేతిలో ఉన్నా అవన్నీ మళ్లీ కొట్టుకోవాల్సిందే.

ట్యాలీ నెల్లూరు ఆఫీసులో ఉంటే రోబో మెషిన్లని హైదరాబాద్ క్లౌడ్‌లో పెట్టి లైను మీద లాగొద్దు, అప్లికేషన్ పక్కనే ఉంచండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లొస్తే కరెంటూ నెట్టూ రెండూ పోతాయి మనకి, కాబట్టి యూపీఎస్ ఒక్కటే సరిపోదు. జనరేటర్ లైను రోబో మెషిన్లకే ఇచ్చి స్విచ్చికీ రూటర్‌కీ ఇవ్వకపోతే అవి వెలుగుతూ ఊరికే కూర్చుంటాయి. బ్యాకప్ మాత్రం క్లౌడ్‌కి పంపండి, అన్నీ ఒకే గదిలో వద్దు.

ఈ-ఇన్‌వాయిస్‌కి ఏపీఐ (స్క్రీన్ తెరవకుండా సాఫ్ట్‌వేర్ నేరుగా డేటా పంపే దారి) ఉంది, దాన్నే వాడండి. పోర్టల్లో ఓటీపీ అడిగేచోట రోబోతో క్లిక్ చేయించాలని చూస్తే అర్ధరాత్రి ఎవరి ఫోన్ చూస్తారు?

రోబో లాగిన్ల పాస్‌వర్డ్‌లు ఏ తారీఖున ముగుస్తాయో రాసి పెట్టుకోండి, విండోస్ అప్‌డేట్ రీస్టార్ట్‌లని రోబోలు ఖాళీగా ఉండే పగటిపూటకి మార్చండి. ఇవన్నీ అయ్యాక, లైసెన్సులకి మొత్తం డబ్బు కట్టకముందే, పోయిన నెల బిల్లులన్నీ ట్యాలీలో ఒక టెస్ట్ కంపెనీ తెరిచి అందులోకి ఒకే రాత్రి ఎక్కించి చూడండి. పొద్దున 6కి ఎన్ని మిగిలాయో ఆ అంకె పట్టుకుని వెండర్‌కి ఫోన్ చేయండి.