నీటి తలతన్యత 72 దగ్గర నిలవడం లేదా? దోషం ఎక్కడుందో ఇలా పట్టండి

శుద్ధమైన నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలాన్ని బిగుతుగా ముడుచుకునేలా లాగే బలం, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు, 25 డిగ్రీల దగ్గర 72.0. కొలవడం మొదలుపెట్టిన రోజు చాలామందికి ఈ అంకె రాదు. 65 వస్తుంది, ఒక్కోసారి 58 వస్తుంది. వెంటనే పరికరాన్ని అనుమానిస్తారు. దాన్ని విప్పేముందు నీటి పైపొరను అనుమానించమని నా మనవి. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పాత్రలో నీటి ఉపరితలమంతటినీ ఒక్క అణువు మందాన కప్పడానికి స్టియరిక్ ఆమ్లం 20 మైక్రోగ్రాములు కూడా అక్కర్లేదు. మామూలు త్రాసు తూచలేనంత తక్కువ. వేలి కొస తగిలితే చాలు, కొలత పాడైపోతుంది.

మొదటి నుంచీ రీడింగు తక్కువగా ఉంది

ముందు తేల్చుకోవలసింది, జిడ్డు నీటిలో ఉందా, నీటిని తాకే పలకకు ఉందా అన్నది. విల్‌హెల్మీ పద్ధతిలో, అంటే నీటికి తాకించిన పలకను నీరు కిందికి లాగే బలాన్ని కొలిచేటప్పుడు, ప్లాటినం పలకను నీరు పూర్తిగా తడుపుతుందని, అంటే స్పర్శకోణం (నీటి అంచు పలకతో చేసే కోణం) సున్నా అని ముందే అనుకుని లెక్క వేస్తాం. పలకకు జిడ్డు పట్టి ఆ కోణం 30 డిగ్రీలైతే, నీరు ఎంత శుద్ధంగా ఉన్నా పరికరం 63 చూపిస్తుంది. పలకను ఎర్రబడేదాకా మంటలో కాల్చి, చల్లార్చి, మళ్లీ కొలవండి. అంకె పైకి వచ్చిందంటే నీటి తప్పేమీ లేదు.

రాకపోతే పాత్రను చూడండి. గాజు శుభ్రంగా ఉంటే నీరు దాని మీద తెగకుండా పొరలా జారుతుంది. ఎక్కడైనా పొర చీలి బొట్లుగా విడిపోతే అక్కడ జిడ్డున్నట్టే. డిటర్జెంట్‌తో కడిగిన పాత్రలతో ఇంకో చిక్కు ఉంది: జిడ్డు పోతుంది, డిటర్జెంట్ మిగులుతుంది. తలతన్యతను తగ్గించడంలో దానిది జిడ్డుకు తీసిపోని శక్తి. వేడి నీటితో పలుమార్లు, చివర స్వేదన జలంతో కడిగి, లోపలి వైపు చేయి తగలకుండా బోర్లించండి. అనుమానం తీరకపోతే ఆ నీటిని కొంత శుభ్రమైన గాజు సీసాలో పోసి, మూత పెట్టి గట్టిగా కుదపండి. శుద్ధమైన నీటి బుడగలు కుదపడం ఆపగానే పగిలిపోతాయి. నురగ నిలిచిందంటే నీటిలో సబ్బులాంటిది ఉంది.

మొదట సరిగానే ఉండి, తర్వాత మెల్లగా దిగజారుతోంది

నాకు అన్నిటికంటే ఎక్కువ పాఠం నేర్పిన లక్షణం ఇదే. అప్పుడే పోసిన నీటి ఉపరితలం కొత్తది. నీటి లోపల కరిగి ఉన్న మలినాలు ఒక్కొక్కటిగా పైకి చేరి అక్కడే స్థిరపడతాయి, రీడింగు దిగుతూ పోతుంది. ఒకసారి నీరు మార్చాను, పాత్ర మార్చాను, మూడు రోజులు గడిచిపోయాయి. చివరకు చూస్తే, నీరు తెచ్చే కొత్త ప్లాస్టిక్ గొట్టం నుంచి ఏదో ఊరుతోంది. అయాన్లను తొలగించే రెసిన్ల నుంచి కూడా ఇలాగే సేంద్రియ పదార్థాలు కొద్దికొద్దిగా నీటిలోకి దిగవచ్చు. విద్యుద్వాహకత మీటరు వాటిని పట్టుకోలేదు. అందుకే ఆ మీటరు బాగుందన్నంత మాత్రాన నీరు బాగున్నట్టు కాదు.

పరిష్కారం: సన్నని గాజు గొట్టం మొనతో పైపొరను పీల్చేసి వెంటనే కొలవండి. రెండు మూడు సార్లు పీల్చాక అంకె నిలకడగా ఉంటే, మలినం పైన మాత్రమే ఉండేది, ఇప్పుడది పోయింది. మళ్లీ జారుతుంటే మలినం నీరంతటా ఉంది, ఆ నీటిని పారబోయాల్సిందే. పైపొరను ఇలా తొలగించాలన్న ఆలోచన చాలా పాతది. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పాకెల్స్ విశ్వవిద్యాలయం మెట్లెక్కకుండానే, నీటి తొట్టె మీద అడ్డంగా పెట్టిన పట్టీని జరుపుతూ ఉపరితలాన్ని ఊడ్చి శుభ్రం చేసేవారు. ఆమె రాసిన లేఖను ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ పంపగా, 1891లో 'నేచర్' పత్రిక ప్రచురించింది. ఆ ఊడ్పు నేటికీ పనికొస్తుంది.

తేడా ఒకటి రెండు యూనిట్లే

ఉష్ణోగ్రత చూడండి. ఒక్కో డిగ్రీ పెరిగితే తలతన్యత సుమారు 0.15 తగ్గుతుంది. ఆవిరవుతున్న నీటి పైభాగం అడుగుకంటే చల్లగా ఉంటుంది కాబట్టి థర్మామీటరు ఉపరితలానికి దగ్గరగా ఉండాలి.

73 దాటింది

ఉప్పు మీద నేరం మోపకండి. ఉప్పు తలతన్యతను పెంచే మాట నిజమే గాని, లీటరుకు ఒక మోల్, అంటే 58 గ్రాములకు పైగా కలిపితే పెరిగేది సుమారు 1.6. నీటి కాఠిన్యం వల్ల వచ్చే మార్పు లెక్కలోకి రాదు. పలకకు బదులు, నీటికి తాకించి పైకి లాగే లోహపు వలయంతో కొలుస్తుంటే, అది తనతో పైకి లేపే నీటి బరువుకు సవరణ గుణకం వేశారో లేదో చూసుకోండి. ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం ఇదే.

కేశనాళికలో నీరు చాలినంత ఎక్కడం లేదు

ఒక మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న శుభ్రమైన గాజు నాళికలో నీరు దాదాపు 30 మిల్లీమీటర్లు ఎక్కాలి. ముందు నీటిని ఇంకా పైకి లాగి, గోడ తడిశాక తనంతట దిగనివ్వండి. దిగి ఆగిన మట్టం, ఎక్కి ఆగిన మట్టం వేరైతే గోడకు జిడ్డుంది.

పరికరం లేకుండా తేల్చాలంటే

చిన్న కర్పూరం పలుకును నీటి మీద వేయండి. ఉపరితలం శుభ్రంగా ఉంటే అది అటూ ఇటూ పరుగులు తీస్తుంది. నూనె పొర ఉంటే కదలదు. ఆ పరుగును ఆపడానికి ఎంత నూనె కావాలో 1890లో రేలీ కొలిచి చూశారు, పొర మందం రెండు నానోమీటర్ల లోపే తేలింది. అయితే పరీక్షకు కొంత నీటిని వేరే పాత్రలోకి తీసుకోండి. కర్పూరం కూడా తలతన్యతను తగ్గిస్తుంది, అది తగిలిన నీరు కొలతకు పనికిరాదు.