పెళ్లి డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు

కోనసీమ గాలిలోని తేమకు బీరువాల్లోని పెళ్లి డీవీడీలు పాడవక ముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. డిస్కును మెత్తటి నూలుగుడ్డతో, గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడిచి, అందులోని ‘వీడియో టీఎస్’ ఫోల్డరును మొత్తంగా కాపీ చేయాలి; మామూలు డిస్కు 4.7 జీబీకి మించదు. డబ్బిచ్చి తీయించుకున్న వీడియోపై, వేరే ఒప్పందం లేనంత వరకు, తొలి హక్కు తీయించుకున్నవారిదేనని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది కనుక స్టూడియోవారి అనుమతి కోసం ఆగనక్కరలేదు. అందులో కలిపిన సినిమా పాటల హక్కులు మాత్రం వాటి యజమానులవే. కొన్న సినిమా డీవీడీల సంగతి పూర్తిగా వేరు: హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో కాపీ చేయకుండా వాటికి వేసిన డిజిటల్ తాళాన్ని ఛేదించడం, 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ కింద, రెండేళ్ల వరకు జైలుశిక్ష పడదగిన నేరం.