ఇంట్లో కాఫీ గింజలు వేయించేటప్పుడు పొగను అదుపు చేయడం ఎలా?

పచ్చి కాఫీ గింజలు ఇంట్లో వేయించుకోవడం పెద్ద విద్యేమీ కాదు. మంచి గింజలు, సరిపడా వేడి, ఆపకుండా కలిపే ఓపిక ఉంటే చాలు. ఇబ్బందల్లా పొగతోనే. వంటింట్లో మొదలై ఇల్లంతా కమ్ముకుంటుంది, కళ్లు మండుతాయి, స్మోక్ అలారం మోగుతుంది, కర్టెన్లకు పట్టిన వాసన ఓ పట్టాన వదలదు. రుచి కుదరక మానేసేవాళ్లకన్నా ఈ గోల భరించలేక మానేసేవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

వేయించినంతసేపూ పొగ ఒకేలా రాదు. మొదటి ఏడెనిమిది నిమిషాలు దాదాపు ఏమీ ఉండదు. ఆఖరి రెండు మూడు నిమిషాల్లోనూ, గింజలను దించి చల్లార్చేటప్పుడూ వచ్చేదే అసలు పొగ. కాబట్టి ఏర్పాట్లన్నీ ఆ కాసేపటిని దృష్టిలో పెట్టుకుని చేసుకోవాలి. చాలామంది మొదట్లో ఏమీ లేదు కదా అని ధీమాగా ఉండి, పొగ కమ్ముకున్నాక కిటికీల వైపు పరిగెడతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

పొగ ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది

పచ్చి గింజ బరువులో సుమారు 10 నుంచి 12 శాతం నీరే. వేడి తగలగానే ముందు ఆ నీరు ఆవిరవుతుంది. గింజ పసుపు రంగుకు తిరిగేదాకా పచ్చిగడ్డి వాసనతో తెల్లగా లేచేది ఈ ఆవిరే, దానికి కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాత గింజ గోధుమ రంగులోకి మారుతూ కమ్మని వాసన మొదలవుతుంది. గింజను అంటిపెట్టుకుని ఉన్న పల్చని పొర కూడా అప్పుడే ఊడడం మొదలవుతుంది. దీన్నే పొట్టు అందాం.

గింజ వేడి 196 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి పేలాలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. ఇదే ఫస్ట్ క్రాక్. లోపల ఒత్తిడికి గురైన ఆవిరి, వాయువులు గింజను చీల్చుకుని బయటపడే చప్పుడిది. పల్చని పొగ ఇక్కడ మొదలవుతుంది. అలాగే వేయిస్తూ పోతే 224 డిగ్రీల ప్రాంతంలో సెకండ్ క్రాక్ వస్తుంది. ఈసారి శబ్దం సన్నగా, గబగబా ఉంటుంది. గింజ గోడలు బలహీనపడి లోపలి నూనె పైకి తేలుతుంది. పొగ నీలంగా మారి చిక్కబడేది ఇక్కడే.

పొట్టు సంగతి వేరు. అది కాగితంకన్నా తేలిక, క్షణంలో మాడిపోతుంది. పాత్ర అడుగున చేరి కాలితే ఫస్ట్ క్రాక్ కన్నా ముందే ఘాటైన పొగ లేస్తుంది. అంత త్వరగా పొగ వచ్చిందంటే తప్పు గింజది కాదు, అడుగున మాడుతున్న పొట్టును చూడాలి. లేదంటే మంట మరీ ఎక్కువై గింజ పైపైన మాడుతూ ఉండాలి.

వాసన బాగుంది కదా అని ఈ పొగను పీలుస్తూ నిలబడకూడదు. ఇందులో సన్నని కణాలు, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ లాంటివి ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్లను, పసిపిల్లలను ఆ కాసేపు వేరే గదిలో ఉంచండి. పంజరంలో పక్షులుంటే మరీ జాగ్రత్త. వాటి ఊపిరితిత్తులు పొగను అసలు తట్టుకోలేవు. నాన్‌స్టిక్ పాత్ర మితిమీరి వేడెక్కినప్పుడు వచ్చే ఆవిర్లు పక్షుల ప్రాణం తీస్తాయి. అందుకే కాఫీ వేయించడానికి ఇనుప మూకుడో, స్టీలు పాత్రో వాడడం మంచిది.

అసలు పొగే తక్కువ పుట్టేలా

ఫ్యాన్లు, గొట్టాల గురించి ఆలోచించే ముందు ఈ పని చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక్కసారి వేసే గింజలు తగ్గించండి. సగం గింజలు వేస్తే పొగ కూడా ఇంచుమించు సగమే. మూకుడులో అయితే ఓ 100 గ్రాములు దాటకుండా, మధ్యలో గది తేరుకునేలా కాస్త విరామం ఇస్తూ రెండు మూడు వాయిలుగా వేయించుకోవచ్చు. ఎంతో మేలైన ఫ్యాన్ కూడా ఇంత తేడా చూపించదని నా అభిప్రాయం.

తర్వాతది ఎక్కడ ఆపాలన్నది. లేతగా వేయిస్తే గింజ 12 నుంచి 14 శాతం బరువు కోల్పోతుంది. బాగా నల్లగా వేయిస్తే 18 నుంచి 20 శాతం దాకా పోతుంది. ఆ తేడాలో కొంత మీ గదిలోకి వచ్చే పొగే. ఫస్ట్ క్రాక్ ముగిసి సెకండ్ క్రాక్ ఇంకా మొదలుకాని చోట దించేస్తే పొగ బాధ చాలామటుకు తప్పుతుంది. రుచిలోనూ పోయేదేమీ లేదు. నల్లటి నూనె మెరుపు గింజలే కావాలంటే మాత్రం ఇంటి లోపల కాకుండా బయట వేయించుకోవాలి. దానికి ఇంకో దారి లేదు.

గింజల ఎంపిక కూడా తేడా చూపుతుంది. పండుతో సహా ఎండబెట్టిన నేచురల్ రకం గింజలకు పొట్టు ఎక్కువ. కడిగి శుభ్రం చేసిన వాష్డ్ రకానికి తక్కువ. కెఫీన్ తీసేసిన డీకాఫ్ గింజలకైతే దాదాపు ఉండదు. కాకపోతే డీకాఫ్ పచ్చిగా ఉన్నప్పుడే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రంగు చూసి ఎంత వేగిందో చెప్పడం కష్టం. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాష్డ్ గింజలతో మొదలుపెడితే నయం.

ఇక పాత్ర శుభ్రం. పోయినసారి అంటుకున్న నూనె జిడ్డు, మిగిలిపోయిన పొట్టు ఈసారి గింజలకన్నా ముందే పొగ మొదలుపెడతాయి.

పొగకు దారి చూపించడం

పొగ గదిలో పరుచుకున్నాక తరమడం కష్టం. పుట్టిన చోటే పట్టుకుని బయటికి పంపేయాలి. అందుకు మూడు కుదరాలి: పొయ్యి లేదా రోస్టర్ (గింజలు వేయించే మిషన్) గాలి బయటికి పోయే దారికి దగ్గరగా ఉండాలి, ఆ గాలి నిజంగా ఇంటి బయటికే పోవాలి, పోయిన గాలికి బదులుగా కొత్త గాలి ఇంకో వైపు నుంచి రావాలి. మూడోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఎంత పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా లాగడానికి గాలి ఉండదు.

పొయ్యి మీద చిమ్నీ ఉంటే అది ఏ రకమో ముందు చూసుకోండి. గొట్టం ద్వారా బయటికి పంపే రకమైతే బాగా పనికొస్తుంది. గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా లాగి మళ్లీ గదిలోకే వదిలే రకమూ ఉంది. అది జిడ్డును, కొంత వాసనను పట్టుకుంటుంది తప్ప సెకండ్ క్రాక్ పొగ ముందు నిలబడదు. మీది ఏదో తెలియకపోతే చిమ్నీ నడుస్తుండగా దాని పై భాగంలో చెయ్యి పెట్టి చూడండి. గాలి చేతికి తగిలితే అది గదిలోకే తిరిగి వస్తోందన్నమాట.

చిమ్నీ లేకపోతే కిటికీలో ఫ్యాన్ పెట్టుకోవచ్చు. గాలి బయటికి పోయేలా తిప్పి పెట్టి, ఫ్యాన్ చుట్టూ ఉన్న ఖాళీని అట్టముక్కలతో మూసేయండి. ఆ ఖాళీ వదిలేస్తే ఒక పక్క నుంచి నెట్టిన పొగ ఇంకో పక్క నుంచి తిరిగొస్తుంది. రోస్టర్‌ను ఆ కిటికీకి ఓ అడుగు దూరంలో, వీలైతే ఫ్యాన్‌కన్నా కాస్త కింద ఎత్తులో పెట్టండి. వేడి పొగ సహజంగానే పైకి లేస్తుంది కాబట్టి ఫ్యాన్ దాన్ని అందుకుంటుంది. కొత్త గాలి కోసం గదికి అవతలి వైపున్న కిటికీనో తలుపునో కొంచెం తెరవండి. పక్కనే ఉన్న కిటికీ తెరిస్తే బయటికి పోయిన పొగ అందులోంచే లోపలికి వస్తుంది. పడకగదుల తలుపులు మూసేయాలి.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక అగరబత్తి చాలు. వెలిగించి, గింజలు వేయించే చోట పట్టుకోండి. పొగ తిన్నగా ఫ్యాన్ వైపు వంగి వెళ్లిపోతే సరే. అటూ ఇటూ ఊగుతున్నా, మీ మొహం వైపు వస్తున్నా ఏదో మార్చాలి. బయటి గాలి ఆ కిటికీలోకే కొడుతుంటే ఏ ఫ్యాన్ దాన్ని గెలవలేదు. వేరే వైపు కిటికీకి మారండి, లేదా ఆ రోజుకు మానుకోండి.

ఇంటి లోపల గ్యాస్ గీజర్ లాంటివి ఉంటే ఒక హెచ్చరిక. కొత్త గాలికి దారి లేకుండా బలమైన ఎగ్జాస్ట్ నడిపితే, గీజర్ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన పొగ వెనక్కి గదిలోకి రావచ్చు. వేయించేటప్పుడు వాటిని ఆపేయడమే మేలు.

తరచుగా వేయించేవాళ్లు గొట్టం ఏర్పాటు చేసుకుంటే సుఖం. 4 లేదా 6 అంగుళాల అల్యూమినియం గొట్టం, దాని మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్ కావాలి. ప్లాస్టిక్ గొట్టం వద్దు. ఫ్యాన్‌ను రోస్టర్ దగ్గర కాకుండా కిటికీ చివర బిగించండి. అప్పుడు గొట్టమంతా లోపలికి లాగుతూ ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు ఉన్నా గది గాలి లోపలికి పోతుందే తప్ప పొగ బయటికి రాదు. గొట్టం పొట్టిగా ఉండాలి, మలుపులు తక్కువగా ఉండాలి. ముడతల గొట్టమైతే సాగదీసి బిగించండి. దాని మూతిని రోస్టర్‌కు గట్టిగా అతికించకండి, నాలుగు వేళ్ల సందు వదలండి. నేరుగా బిగిస్తే ఫ్యాన్ గింజల చుట్టూ ఉన్న వేడినంతా లాగేసి వేపుడు తీరునే మార్చేస్తుంది.

దేనిలో వేయిస్తున్నారు?

మూకుడులో అడుగున చేరే పొట్టే పెద్ద సమస్య, అందుకే మధ్యస్థ మంట మీద ఆపకుండా కలుపుతూ ఉండాలి. పాప్‌కార్న్ మిషన్ వేడి గాలితో పొట్టును ఎప్పటికప్పుడు బయటికి ఊదేస్తుంది కాబట్టి పొగ తక్కువే. కానీ గింజలు వేసే గిన్నె పక్క గోడల్లోని చీలికల గుండా వేడి గాలి వచ్చే రకమే వాడాలి. అడుగున జాలీ ఉన్న రకంలో పొట్టు కిందికి జారి హీటింగ్ కాయిల్ మీద పడి అంటుకోవచ్చు. మిషన్‌ను బయట పెట్టి పొడుగాటి, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపితే వోల్టేజ్ తగ్గి వేడి సరిపోదు, వైరూ వేడెక్కుతుంది.

ఓవెన్ నాకు నచ్చదు. తలుపు తెరిచిన క్షణంలో లోపల పేరుకున్న పొగంతా ఒక్కసారిగా గదిలోకి వస్తుంది. కొన్ని ఇంటి రోస్టర్లలో పొగను కాల్చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లేత వేపుడుకు అది బాగానే పనిచేస్తుంది. నల్లగా వేయించినా పొగ రాదని మాత్రం అనుకోకండి.

బాల్కనీ గానీ పెరడు గానీ ఉంటే అంతకన్నా సులువైన దారి లేదు. గాలి కొట్టి వేడి తగ్గిపోకుండా ఏదైనా అడ్డు పెట్టుకోండి. పక్కింటివాళ్ల కిటికీ ఎటు ఉందో కూడా ఒకసారి చూడండి.

వేయించే వేళ, వరుసగా

1. కర్టెన్లు, ఆరేసిన బట్టలు అక్కడి నుంచి తీసేయండి. గదిలో ఉండనిస్తే వాసన ముందు పట్టేది వాటికే.
2. గింజలు వేయకముందే ఫ్యాన్ వేయండి. గాలి ఒక దారిలో పడాక పొయ్యి వెలిగించండి.
3. చల్లార్చే జల్లెడలు రెండు, మందపాటి చేతిగుడ్డలు, మూకుడుకు సరిపోయే లోహపు మూత ముందే పక్కన పెట్టుకోండి.
4. ఫస్ట్ క్రాక్ వినపడగానే మంట కాస్త తగ్గించి, ఫ్యాన్‌ను పూర్తి వేగానికి పెంచండి. ఇక పొయ్యి వదిలి కదలొద్దు.
5. కావలసిన రంగుకు ఒక పిసరు ముందే దించేయండి. గింజలోని వేడికి అది ఇంకాస్త వేగుతుంది.

దించాక చేసే పని మీద శ్రద్ధ పెట్టాలి. వేడి గింజలు గిన్నెలో కుప్పగా ఉంటే లోపల ఇంకా వేగుతూనే, పొగ కక్కుతూనే ఉంటాయి. పొయ్యి ఆపేశాం కదా అని గిన్నెను డైనింగ్ టేబుల్ మీదికి తీసుకొస్తే ఇంతసేపు పడ్డ శ్రమంతా వృథా. చల్లార్చడం కూడా ఎగ్జాస్ట్ కిందే జరగాలి, లేదా గింజలను వెంటనే బయటికి తీసుకుపోవాలి. స్టీలు జల్లెడలో పోసి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒంపుతూ, చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తే నాలుగైదు నిమిషాల్లో చేత్తో పట్టుకునేంతగా చల్లారతాయి. బయటైతే చేటలో చెరిగినా పొట్టంతా ఎగిరిపోతుంది. ఇంట్లో మాత్రం చెరగకండి, వారం పాటు మూలమూలలా ఊడ్చుకోవాల్సి వస్తుంది.

అలారం, మంటలు

స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ పీకేయకండి. మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. అలారం ఉన్న గదికీ వంటింటికీ మధ్య తలుపు మూసి, పొగను తగ్గించే పని చూడండి. తాత్కాలికంగా ఆపే బటన్ ఉంటే అది చాలు. కార్బన్ మోనాక్సైడ్ అలారం విషయంలో మాత్రం రాజీ పడకూడదు. అది మోగితే పొయ్యి ఆపేసి అందరూ బయటికి వెళ్లిపోవాలి.

పొట్టు అంటుకుంటే ముందు వేడి ఆపండి. మూకుడైతే లోహపు మూత వేసి అలాగే వదిలేయండి. దాన్ని పట్టుకుని బయటికి పరిగెత్తకండి. కరెంటు రోస్టర్ అయితే ప్లగ్ పీకి, తలుపు తెరవకుండా ఉంచండి. తెరిస్తే గాలి తగిలి మంట పెరుగుతుంది. నీళ్లు పోయొద్దు. మంట అదుపు తప్పుతోందనిపిస్తే అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేసి ఇంట్లోంచి బయటపడండి. చల్లారిన పొట్టును కూడా వెంటనే చెత్తబుట్టలో వేయకండి. లోపల నిప్పు ఉండొచ్చు. పూర్తిగా చల్లబడేదాకా రేకు డబ్బాలో ఉంచండి.

తర్వాత

పొగ కనబడకపోయినా ఫ్యాన్ మరో అరగంట నడవనివ్వండి. ఎయిర్ ప్యూరిఫైయర్ ఉంటే ఇప్పుడు పెట్టుకోవచ్చు. హెపా ఫిల్టర్ కణాలను, బొగ్గు ఫిల్టర్ కొంత వాసనను పడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఇవి ఏమీ చేయలేవు కాబట్టి ప్యూరిఫైయర్ ఉంది కదా అని కిటికీలు మూసుకోకూడదు. వేయించిన గింజలు కూడా కొన్ని రోజుల పాటు కార్బన్ డయాక్సైడ్‌ను, కొద్దిగా మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి. మొదటి రోజు డబ్బా మూత కాస్త వదులుగా పెట్టి గాలాడే చోట ఉంచండి.

చిమ్నీ జాలీని, ఫ్యాన్ రెక్కలను అప్పుడప్పుడు వేడి సబ్బునీళ్లతో కడగండి. గొట్టం లోపల పేరుకునే జిడ్డు, పొట్టు నిప్పు అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి, వాటినీ తుడవాలి. ఫ్యాన్ మునుపటిలా లాగడం లేదనిపిస్తే కొత్తది కొనే ముందు జాలీ మూసుకుపోయిందేమో చూడండి.