అంచనా గ్రేడ్లతో బ్రిటన్‌కు దరఖాస్తు: ముందు జాగ్రత్తలు

విశాఖలో ఏ-లెవెల్ (బ్రిటిష్ విధానంలో ఇంటర్ స్థాయి) చదువుతున్న పిల్లలూ, అంచనా గ్రేడు అంటే తుది పరీక్షలో మీకు ఏ గ్రేడు రావచ్చో ఉపాధ్యాయుల అభిప్రాయం. షరతుతో ఇచ్చిన సీటు ఖాయమయ్యేది ఆగస్టు ఫలితాలతోనే.

• యూకాస్‌లో (బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ) గరిష్ఠంగా 5 ఎంపికలు, వాటిలో వైద్యానికి 4 వరకే. ఐదింటినీ అంచనా అంచున పెట్టకండి. కనీసం రెండు, ఒక గ్రేడు తగ్గినా దక్కేవి ఉండాలి. సీట్ల ఆఫర్లు వచ్చిన తరువాత మొదటి ఎంపికతో పాటు రక్షణగా మరొకటి ఉంచుకోవచ్చు. దాని షరతు కూడా అంతే కఠినమైతే అది రక్షణే కాదు. తల్లిదండ్రులు తప్పక చూడవలసింది ఇదే.

• ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ సాధారణంగా ఒకే ఏడాది దరఖాస్తు కుదరదు. వీటికీ, వైద్యానికీ గడువు అక్టోబరు 15, మనకు రాత్రి 10:30. దసరా సెలవులకు ముందే టీచరుతో రిఫరెన్సు (సిఫారసు లేఖ) రాయించుకోండి.

• గ్రేడు పెంచమని బతిమాలవద్దు. పెంచిన అంచనా ఆగస్టులో మిమ్మల్నే దెబ్బతీస్తుంది.