కోనసీమ ఇంట్లో కోడింగ్ టేబుల్: ముందు ఎర్తింగ్, తర్వాతే కీబోర్డు

మానిటర్ ఎంత పెద్దది, కీబోర్డు స్విచ్చులు ఏ రంగువి, కోడ్ రాసే ఎడిటర్ నల్లగా ఉండాలా తెల్లగా ఉండాలా అన్నవి ఎవరిష్టం వాళ్లవి. అమలాపురంలోనో రాజోలులోనో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వాటికంటే ముందు గోడ చెమ్మ, ఎర్తింగ్, ఇన్వర్టర్ సంగతి తేల్చుకోవాలి. అక్కడ ఇష్టాయిష్టాలకు చోటు లేదు.

డెల్టాలో తవ్విన కొద్దిలోనే నీరు తగులుతుంది. వానాకాలంలో పాత ఇళ్ల గోడలు కింది నుంచి చెమ్మ పీలుస్తాయి. అందుకే టేబుల్‌ని గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం వదలండి. సున్నం పొట్టు రాలుతున్న గోడ పక్కన పార్టికల్ బోర్డు టేబుల్ వేస్తే వెనకంచు ఉబ్బిపోతుంది. కాస్త ఖర్చయినా వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో చేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేలమీద వద్దు, టేబుల్ పలక అడుగున స్క్రూలతో బిగించండి. కింద ఉంటే తుడిచేటప్పుడు తడుస్తుంది, చీమలూ దూరతాయి.

ఎర్తింగ్

ఛార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్ మెటల్ బాడీ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందా? చాలామంది లాప్‌టాప్‌ని తిట్టుకుంటారు. ఛార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది. మూడో పిన్ను భూమికి సరిగ్గా కలిసుంటే అది అటు పోతుంది, లేకపోతే మీ చేతిలోంచి పోతుంది. రెండు పిన్నుల ఛార్జరైతే ఎర్తింగ్ బాగున్నా ఈ జివ్వు తప్పదు.

ఎలక్ట్రీషియన్ "ఎర్తింగ్ ఉందండి, ఆయ్" అన్నాక కూడా మల్టీమీటరు పెట్టి చూపించమనండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపు, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2, 3 వోల్టుల లోపు రావాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 దగ్గర ఊగుతుంటే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, లేదా అసలు వెయ్యనేలేదు. ఇంట్లో లోడు నడుస్తున్నా న్యూట్రల్, ఎర్త్ మధ్య అచ్చంగా సున్నా వస్తే సంతోషించకండి, సాకెట్ విప్పించండి. న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకి తగిలించేసి ఉండొచ్చు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే లాప్‌టాప్ బాడీకి ఫేజు వచ్చేస్తుంది.

ఇన్వర్టర్ లెక్క

లాప్‌టాప్‌కి 65 వాట్లు, 24 అంగుళాల మానిటర్‌కి 25, రూటరూ ఫైబర్ పెట్టే కలిపి 20, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానుకి 30, ట్యూబుకి 20. మొత్తం 160. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ 60 శాతానికి మించి పిండితే ఆయుష్షు తగ్గుతుంది, ఇన్వర్టర్‌లో మరో 15 శాతం పోతుంది. చివరికి చేతికొచ్చేది 900 చిల్లర, అంటే ఐదున్నర గంటలు. పాత 75 వాట్ల ఫ్యానే ఉంచుకుంటే ఇది నాలుగున్నరకి పడిపోతుంది. బ్యాటరీ పెద్దది కొనేముందు ఫ్యాను మార్చండి.

లైన్లో వచ్చే కరెంటులాగే నున్నటి అలనిచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. స్క్వేర్ వేవ్‌ది చవకే కానీ ఫ్యాను గుయ్యిమంటుంది, అడాప్టర్లు వేడెక్కుతాయి.

చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, ఇన్వర్టర్ మోడ్ అని చిన్న స్విచ్చు ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో కరెంటు మార్పిడి వేగంగా జరుగుతుంది, డెస్క్‌టాప్ రీస్టార్ట్ కాదు. కాకపోతే వోల్టేజీ 180 లోపుకి పడితే లైన్లో కరెంటున్నా అది బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే రాత్రిళ్లు వోల్టేజీ దిగిపోయే ఊళ్లలో, అసలు కరెంటు పోయే వేళకి బ్యాటరీ ఖాళీ. లాప్‌టాప్ వాడేవాళ్లకి ఇన్వర్టర్ మోడే మేలు. డెస్క్‌టాప్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఆర్‌వో నీళ్లు కూడా పొయ్యకూడదు. లంక గ్రామాల్లో బ్యాటరీని నేలమీద కాకుండా వరద నీరు అందని ఎత్తులో గట్టి స్టాండు మీద ఉంచండి.

నెట్టు

రూటర్‌కి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ చాలు. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులూ ఆంపియర్లూ చదవండి, 9 వోల్టుల రూటర్లూ ఉంటాయి. ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే రీస్టార్ట్‌లతో పని లేదు. ఏ కొబ్బరి మట్టో పడి తీగ తెగి ఉంటుంది, ఫిర్యాదు పెట్టి ఫోను హాట్‌స్పాట్‌కి మారండి. ఫోన్లో సిమ్ వేరే కంపెనీది ఉండాలి.

ఒకే యూఎస్‌బీ-సీ తీగతో మానిటర్ నుంచే ఛార్జింగూ నెట్టూ తీసుకోవడం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో మానిటర్ ఆరితే మీటింగ్ కూడా తెగుతుంది. ఛార్జరూ నెట్ కేబులూ నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి.

ఇక ఇష్టాలు

27 అంగుళాల మానిటర్ కావాలంటే 1440పీ (నిలువునా 1440 చుక్కలు) తీసుకోండి. అదే సైజులో 1080పీ అయితే అంగుళానికి 82 చుక్కలే, అక్షరాలు గరుగ్గా కనిపిస్తాయి. స్క్రీను పైఅంచు కంటి ఎత్తులో, కిటికీ పక్కకి ఉండాలి. మోచేతులు టేబుల్ ఎత్తుకి వచ్చేదాకా కుర్చీ లేపి, కాళ్లు అందకపోతే కింద పీట వేసుకోండి. నీలం స్విచ్చుల కీబోర్డు టకటకలకి పక్కగదిలో పడుకున్నవాళ్లు లేస్తారు. ఉమ్మడి ఇంట్లో ఎరుపో గోధుమరంగో నయం.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కోడ్ మధ్య తెలుగు వ్యాఖ్యలు (కామెంట్లు) రాసేవాళ్లు ఫాంట్ల వరసలో జెట్‌బ్రెయిన్స్ మోనో తర్వాత నోటో సాన్స్ తెలుగు చేర్చండి. లైన్ హైట్ 1.6 పెట్టండి, అంతకు తగ్గితే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో ఒత్తులు కింది వరసలోకి దిగుతాయి. టెర్మినల్‌లో మాత్రం తెలుగు వరసలు ఎలాగూ సమంగా రావు. ఆటో సేవ్ తప్పక ఆన్‌లో ఉంచండి.

సార్వా (ఖరీఫ్) వరి పొలాలు దగ్గరుంటే అక్టోబరు రాత్రుల్లో పచ్చదోమ, సుడిదోమ వెలుతురుకి ఎగబడతాయి. ఇక్కడ ఎడిటర్ నల్లగా ఉండే డార్క్ థీమ్‌కి కళ్లకంటే గట్టి కారణం అదే. కిటికీకి మెష్ కొట్టించి, ట్యూబు లైటు గది అవతలి మూలకి మార్చండి, పురుగులు అటు పోతాయి. స్క్రీను మీద వాలినవాటిని వేలితో నలపకండి. మరక పడితే స్క్రీను ఆపి, నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.