కూలెంట్ మార్చారా? ఘాట్ ఎక్కే ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూసుకోండి

ఎండలు ముదిరేలోపు, వైశాఖం పెళ్లిళ్ల తిరుగుడు మొదలయ్యేలోపు ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, మార్పించేద్దామని చాలామంది ఇప్పుడే కారుని షెడ్డుకి తీసుకెళ్తారు. మంచి పనే, కానీ నిన్నటిదాకా తిరిగిన రేడియేటర్ ఫ్యాను సరిగ్గా ఆ పని చేయించిన రోజే మానేస్తే మాత్రం వెంటనే కొత్త ఫ్యానుకి డబ్బులిచ్చేయకండి.

నిరుడు నాకు ఇదే అయింది. విజయనగరంలో కూలెంట్ మార్పించుకుని రాజాం బయల్దేరాను, రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో రైల్వే గేటు పడితే ఏసీ ఆపి ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి కూర్చున్నాను. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. టెంపరేచర్ మీటరు ముల్లు చూస్తే సగం కూడా దాటలేదు! మెకానిక్ ఫ్యాను మోటారు పోయిందన్నాడు. మా బావ మాత్రం ఒకటే అడిగాడు, "ఏసీ వేస్తే తిరుగుతోందా?" అని. ఏసీ వేస్తే ఇంజిన్ వేడితో పని లేకుండానే ఫ్యాను తిరగాలి, వేసి చూస్తే తిరిగింది. మరి మోటారు పోవడమేంటి?

అసలు సంగతి గాలి. పాత కూలెంట్ తీసేసి కొత్తది పోసినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది, అది పైకి చేరి టెంపరేచర్ సెన్సర్ దగ్గర ఆగిందంటే సెన్సర్‌కి వేడి కూలెంట్ తగలదు, ఇంజిన్ ఉడికిపోతున్నా అది చల్లగానే ఉందని చెబుతుంది, దాంతో ఫ్యాను ఆన్ కాదు. చాలా బండ్లలో ఫ్యాను 95 నుంచి 100 డిగ్రీల మధ్య తిరగడం మొదలవ్వాలి. స్పీడులో ఎదురుగాలి కొడుతుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. సాలూరు దాటాక కోరాపుట్ వైపు ఘాట్‌లో, ముందు లోడు లారీ, మనం సెకండ్ గేరు, గాలి అన్నది తగలదు, అక్కడ బయటపడుతుంది.

గాలి తీయడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ముందు చక్రాలు కాస్త ఎత్తుగా ఉండేలా ఆపి, రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్ వేడికి తిప్పి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తూ మట్టం దిగుతుంటే కొద్దికొద్దిగా కూలెంట్ పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాక మూత పెట్టి, ఏసీ ఆపి, ఫ్యాను తనంతట తాను ఒకసారి తిరిగి ఆగేదాకా అక్కడే ఉండండి. ఈలోగా ముల్లు ఎరుపు వైపు పోయినా, ఆవిరి కనిపించినా ఇంజిన్ ఆపేయండి. కొన్ని బండ్లకి గాలి తీసే స్క్రూ విడిగా ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. మర్నాడు పొద్దున్న మళ్లీ మట్టం చూడాలి, చాలాసార్లు తగ్గుతుంది.

ఏసీ వేసినా తిరగకపోతే అప్పుడు ఫ్యూజు, రిలే (ఫ్యానుకి కరెంటు వదిలే స్విచ్చు) చూడాలి, ఆ తర్వాతే మోటారు. రెండు ఫ్యాన్ల బండైతే ఏది తిరుగుతోందో చూడండి. అదే స్టార్ట్ చేయగానే మొదలై ఆగకుండా తిరుగుతుంటే, పని చేసేటప్పుడు సెన్సర్ సాకెట్ ఊడిందేమో, తడిసిందేమో చూడండి. మా కళింగపట్నం వైపు ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి, కాస్త గట్టిగా లాగితే విరిగిపోతాయి కూడా.

వేడి మీద మూత జోలికి వెళ్లకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ ఆపేసినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి. బోరు నీళ్లు కలపొద్దు, డిస్టిల్డ్ వాటరే. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ అయితే ఆ డిస్టిల్డ్ వాటరూ కలపొద్దు. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పెరట్లో వదిలేస్తే కుక్కో దూడో నాకేస్తుంది.

ఘాట్ ఎక్కాలంటే సాలూరులో ఐదు నిమిషాలు ఆగి ఏసీ ఆపి బానెట్ ఎత్తి ఫ్యాను చప్పుడు వినండి. లారీల ఊరు, మెకానిక్కులకి కొదవ లేదు. పైన మలుపులో ఆగిపోతే మాత్రం కిందికి ఫోను చేసి ఎదురుచూడాల్సిందే.