సొసైటీ లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కాయా? అయితే ఈ పనులు చేయించండి

ఊళ్లో మనం సొసైటీ అని పిలిచే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో ఇప్పుడు పెద్ద మార్పు నడుస్తోంది. 63 వేల సంఘాలను కంప్యూటరీకరించడానికి 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. కానీ కంప్యూటర్ వచ్చింది కాబట్టి అన్యాయాలు వాటంతట అవే ఆగిపోతాయని మాత్రం అనుకోవద్దు, ఎందుకంటే తప్పు లెక్క ఎక్కిస్తే అది తప్పు లెక్కే చూపిస్తుంది, పైగా ప్రింటు మీద కనిపించేసరికి నలుగురూ నమ్మేస్తారు. సభ్యుడి చేతికి తన లెక్క తనకు అందుతోందా లేదా అన్నదే అసలు సంగతి. మీరు సభ్యులైనా, పాలకవర్గంలో ఉన్నా, చదువుకున్న పిల్లలుగా ఊరికి సాయం చేస్తున్నా ఇది మీ పనే.

మొదట ఫోన్ నంబర్లు చూడండి. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు, నేను మాత్రం అన్నిటికంటే ముందు దీన్నే పెడతాను. సభ్యుల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు ఉన్న జాబితాను నంబర్ల వరుసలో అమర్చమని సెక్రటరీని అడగండి, పాలకవర్గ సభ్యుల ఎదుటే. ఒకే నంబరు పదిమంది పేర్ల పక్కన ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అది ఎవరి నంబరో చూడండి. చదువు రాని రైతుకు సాయంగా ఎవరో తమ నంబరు ఇచ్చి ఉండవచ్చు, కానీ ఆ రైతు పేరు మీద అప్పు రాసినా, కట్టిన డబ్బు జమ కాకపోయినా మెసేజ్ వెళ్లేది మాత్రం ఆ నంబరుకే. తనకు తెలియకుండానే అప్పుదారు అయిపోయిన రైతుల కథలు మన దగ్గర కొత్తవి కాదు. చనిపోయినవాళ్ల పేర్లు, హైదరాబాద్‌లో ఉంటున్న కొడుకు నంబరు ఇచ్చిన పెద్దవాళ్ల పేర్లు కూడా ఇదే జాబితాలో దొరుకుతాయి. ఒక్కొక్కటీ సరిచేయించండి.

తర్వాత పాత లెడ్జర్‌లోంచి కంప్యూటర్‌కు ఎక్కించిన బాకీలు. ప్రతి సభ్యుడికీ ఒక చీటీ ఇవ్వాలి: వాటా ధనం ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, డిపాజిట్ ఉంటే ఎంత. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. దగ్గరున్న పాత రసీదులతో సరిచూసుకుని, సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టమని చెప్పండి. అందరి బాకీలూ నోటీసు బోర్డు మీద అంటించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఒకరి అప్పు ఊరందరికీ చాటడం పారదర్శకత కాదు, పరువు తీయడం. సంఘం మొత్తం లెక్కలు సభ్యులందరూ కూర్చునే మహాజన సభలో చదవాలి, మనిషి లెక్క మనిషికే చెప్పాలి.

గడువు మెసేజ్‌లు తప్పకుండా పెట్టించండి. 3 లక్షల లోపు పంట రుణం 7 శాతం వడ్డీకి ఇస్తారు, గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. గడువు దాటిందంటే ఆ రాయితీ పోతుంది. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మెసేజ్ వెళ్తే చాలు, చదవలేని వాళ్లకు సిబ్బందే ఫోన్ చేసి చెప్పాలి. ఇంత తక్కువ ఖర్చుతో రైతుకు ఇంత మేలు చేసే పని సంఘానికి ఇంకోటి లేదు.

పాస్‌వర్డ్‌ల సంగతి కూడా చూడాలి. ఎంట్రీ చేసేవాళ్లు ఒకరు, ఆమోదించేవాళ్లు ఇంకొకరు ఉండాలి. రెండు లాగిన్‌లూ ఒకే మనిషి దగ్గర ఉంటే కంప్యూటర్ ఉన్నా లేనట్టే.

ఇక సాఫ్ట్‌వేర్‌కు కనపడని మనుషులు. కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండదు, సర్వే నంబరు అతని పేరు మీద ఉండదు, ఆ గడి ఖాళీగా ఉందని దరఖాస్తు ముందుకు పోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం ఉన్నవాళ్లకు దాని మీద రుణం అడిగే దారి ఉంది, పాలకవర్గం వాళ్ల జాబితా పక్కన పెట్టుకుని ఎంతమందికి ఇచ్చామో మహాజన సభలో చెప్పాలి. కూలి చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లు వస్తే 'మెషిన్ తీసుకోవట్లేదు' అని వెనక్కి పంపకూడదు. వాళ్లకు వేరే ధృవీకరణ ఏమిటో ముందే తీర్మానం చేసి పెట్టుకోండి.

డిపాజిట్లు సేకరించే సొసైటీలకు ఒక మాట. కంప్యూటర్ రసీదు చూసి జనం దాన్ని బ్యాంకే అనుకుంటారు. జిల్లా సహకార బ్యాంకులో వేసిన డబ్బుకు 5 లక్షల వరకు బీమా ఉంటుంది, సొసైటీలో నేరుగా వేసిన డబ్బుకు ఆ బీమా లేదు. డబ్బు తీసుకునే ముందే ఈ మాట చెప్పండి, రసీదు మీద కూడా అచ్చు వేయించండి.

లెక్కలో తేడా కనిపిస్తే ముందు సంఘానికి రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే జిల్లా సహకార అధికారి దగ్గరకు వెళ్లండి, 1964 సహకార సంఘాల చట్టం సెక్షన్ 51 కింద విచారణకు ఆదేశించే వీలుంది. ఎవరో ఫోన్ చేసి 'సొసైటీ నుంచి' అని చెప్పి ఓటీపీ తీసుకుని డబ్బు లాగేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.